మిర్యాలగూడ రైస్ మిల్లుల వైఫై ఎట్ల వేసినం: కాంటా నుంచి గోదాం దాకా

మిర్యాలగూడ గురించి కొత్తగ చెప్పేదేం లేదు, సాగర్ ఎడమ కాల్వ నీళ్లు, వడ్లు, అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు, ఎటు చూసినా మిల్లులు. నేను నల్గొండల ఉండి చుట్టుపక్కల మిల్లులకు, హాస్పిటళ్లకు, కాలేజీలకు నెట్‌వర్క్ పని చేస్తుంట. ఇది ఒక బాయిల్డ్ రైస్ మిల్లుల చేసిన పని. సేటు రాసుకొమ్మన్నడు గానీ మిల్లు పేరు వద్దన్నడు, అందుకే పేరు లేకుండ రాస్తున్న. ఫ్యాక్టరీల, మిల్లుల ఐటీ చూసుకునేటోళ్లకు పనికొస్తదని వివరంగ రాస్తున్న, జర పొడుగైతది.

సమస్య ఏందంటే వానాకాలం వడ్లు దిగే టైముల కాంటా కాడ సాఫ్ట్‌వేర్ ఆగిపోతుంది. లారీ వేబ్రిడ్జి ఎక్కుతది, గుమస్తా ట్యాబ్‌ల తూకం కనబడాలె, లారీ నంబర్, కొనుగోలు సెంటర్ పేరు, తేమ శాతం ఎక్కించి సేవ్ కొట్టాలె, పక్కన ప్రింటర్ల స్లిప్ రావాలె. సేవ్ కొట్టంగనే చక్రం తిరుగుతనే ఉంటది. ఎనకాల లారీలు రోడ్డు దాకా, డ్రైవర్ల హారన్లు, హమాలీలు ఖాళీగ కూసోవుడు. సేటు ఏం చేసిండంటే నెట్ ప్లాన్ 100 ఎంబీపీఎస్ నుంచి 300కు పెంచిండు. ఏం మారలె. మారదు కూడా, ఎందుకంటే తూకం డేటా పోయేది ఆఫీసు రూంల ఉన్న సర్వర్‌కు, అది బయటి నెట్ ముఖమే చూడదు. మా దగ్గర పదిమందిల ఎనిమిదిమంది ఇట్లనే చేస్తరు, వైఫై స్లో అంటే నెట్ కంపెనీకి ఫోన్ కొడతరు.

పోయి చూస్తే ఇండ్లల్ల పెట్టుకునే రౌటర్లు నాలుగు, ఒకదాని సిగ్నల్ పట్టుకొని ఇంకొకటి రిపీటర్ లెక్క పంచుతున్నది. రిపీటర్ అంటే అదే గాలిల ఒక్కసారి విని మళ్లా ఒక్కసారి చెప్పుడు, ఒక్కో మెట్టుకు స్పీడ్ దగ్గర దగ్గర సగం పోతది. కాంటా కాడికి వచ్చేసరికి రెండు మెట్లు దిగి వస్తుంది. దానికి తోడు సీసీ కెమెరాలు కొన్ని వైఫై మీదనే నడుస్తున్నయ్, రాత్రి పగలు వీడియో పంపుతనే ఉంటయ్, అన్నీ 2.4 గిగాహెర్ట్జ్‌లనే. ఆ బ్యాండ్‌ల ఒకదానికొకటి తగలకుండ వాడుకోదగ్గ ఛానళ్లు మూడే, 1, 6, 11. పక్క మిల్లోళ్ల రౌటర్లు, రోడ్డు మీది దుకాణాలవి కలిపితే ఆ మూడు ఎప్పుడో నిండిపోయినయ్.

స్పీడ్ సంగతి గట్ల ఉంటే, నాకు అంతకంటే భయమైంది పాస్‌వర్డ్. మిల్లు పేరు, దాని ఎనక 123. కాంటా రూం గోడ మీద స్కెచ్ పెన్నుతోటి రాసి ఉన్నది. సేటు ఫోన్, ఆఫీసు కంప్యూటర్లు, కెమెరాల వీడియో దాచే డీవీఆర్, కాంటా ట్యాబ్, వడ్లు తెచ్చిన లారీ డ్రైవర్ ఫోన్, అన్నీ ఒకే నెట్‌వర్క్‌ల.

సేటును రోడ్డు అవతల చాయ్ హోటల్ కాడికి తీస్కపోయిన. "అన్నా, మీరు సరే అంటే ఒకటి చూపిస్త" అని అడిగి, ఆయన ముందలనే నా ఫోన్‌ల మిల్లు వైఫై ఆన్ చేసి, నెట్‌వర్క్‌ల ఏమేం ఉన్నయో చూపించే ఒక మామూలు యాప్ తెరిసిన. డీవీఆర్ కనబడ్డది. దాని అడ్రస్ బ్రౌజర్‌ల కొట్టి, కంపెనీ డబ్బాల నుంచి వచ్చినప్పుడు ఉండే పాస్‌వర్డే పెడితే తెరుచుకున్నది. నాలుగో కెమెరాల క్యాష్ కౌంటర్, ఆయన బావమరిది నోట్లు లెక్కపెడుతున్నడు. సేటు చాయ్ గ్లాసు కింద పెట్టి ఫోన్ గుంజుకున్నడు. కాసేపు చూసి "ఇది ఇప్పటిదాక ఎవరెవరు చూసిర్రు తమ్మీ?" అన్నడు. "చెప్పలేమన్నా, ఎవరు ఎప్పుడు ఎక్కిర్రో రాసిపెట్టేది ఏం లేదు ఇండ్ల" అన్న. ఆ తర్వాత బడ్జెట్ మాటలు అలకగ అయినయ్, నిజం చెప్తున్న.

ఇండ్ల డీవీఆర్ పాస్‌వర్డ్ మార్చుడు ఒక్కటే కాదు సంగతి. అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఉన్న డబ్ల్యూపీఏ2 (వైఫైకి వేసే తాళం పద్ధతి) వైఫైల, ఆ పాస్‌వర్డ్ తెలిసినోడు మీ ఫోన్ కనెక్ట్ అయ్యే టైముల జరిగే మాటామంతీ గాలిల నుంచి పట్టుకుంటే, మీ ట్రాఫిక్‌కు వేసిన తాళం తీయగలడు. వెబ్‌సైట్లకు వాటి సొంత తాళం ఉంటది గాబట్టి బ్యాంకు పని కొంత నయం, కానీ లోకల్ సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఏ తాళం లేకుండనే నడుస్తయ్. కాంటా సాఫ్ట్‌వేర్ అట్లాంటిదే, తూకాలు ఉన్నయ్ ఉన్నట్టు పోతున్నయ్. 2018ల వచ్చిన డబ్ల్యూపీఏ3ల ఈ లోపం సరిచేసిర్రు, పాస్‌వర్డ్ తెలిసినా పక్కోడి మాట వినలేరు. కాని పాత పరికరాలకు అది రాదు, మిల్లులల్ల సగం సామాను పాతదే.

ఇంతకుముందు పనిచేసినాయన ఎంఏసీ ఫిల్టర్ (ఒక్కో పరికరానికి ఉండే ఎంఏసీ నంబర్ చూసి లోపటికి ఇడిసే పద్ధతి) పెట్టి "సెక్యూర్ అయింది" అని చెప్పిపోయిండట. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్ల ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు నెట్‌వర్క్‌కు ఒక దొంగ ఎంఏసీ చూపిస్తయ్, ఇగ ఫిల్టర్ దేన్ని పట్టుకుంటది? స్టాఫ్ ఫోన్లే ఆగిపోతుంటే ఎవరో తీసేసిర్రు కూడా. పాస్‌వర్డ్ కొట్టకుండనే కనెక్ట్ చేసే డబ్ల్యూపీఎస్ బటన్ మాత్రం ఆన్‌లనే ఉన్నది. దాని 8 అంకెల పిన్‌ల లోపం 2011ల బయటపడ్డది, 11,000 సార్లు కొట్టి చూస్తే చాలు దొరుకుతది. ఎక్కడ కనబడ్డా మొదలు అది బంద్ చేయండి.

గోదాంల గోడలు కదులుతయ్

రైస్ మిల్లు సర్వే ఆఫీసు సర్వే లెక్క ఉండదు. ఈ పని మొత్తంల నాకు ఇష్టమైంది ఇదే, అందుకే జర ఎక్కువ చెప్త.

ఆఫీసుల గోడలు ఎక్కడియక్కడ ఉంటయ్. గోదాంల గోడలు బస్తాలే. సెప్టెంబర్‌ల పోతే గోదాం ఖాళీ, ఒక మూల యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ ఇచ్చే డబ్బా) పెడితే ఇంకో మూల ఫోన్ల సిగ్నల్ నిండ ఉంటది. డిసెంబర్‌ల పోతే కప్పు దాకా బస్తాలు, నడుమ మనిషి పోయేంత సందు. కొనుగోలు సెంటర్ల వడ్లకు తేమ 17 శాతం దాకా ఒప్పుకుంటరు, అంటే ఒక 40 కిలోల బస్తాల ఏడు కిలోల దగ్గర నీళ్లే అన్నట్టు. నీళ్లు వైఫైని పీల్చుకుంటయ్. 5 గిగాహెర్ట్జ్‌ను ఇంకా గట్టిగ పీల్చుకుంటయ్. నాలుగైదు వరసల బస్తాలంటే కాంక్రీట్ గోడకంటే అధ్వానం. ఇంతకుముందు వేసినోళ్లు ఖాళీ గోదాంల చూసుకొని డబ్బాలు పెట్టిర్రు, అందుకే గోదాం ఖాళీ ఉన్నప్పుడు బాగనే ఉండి సీజన్‌ల చచ్చిపోయేది, సేటేమో చలికి ఏదో అయితుందనుకున్నడు.

మేం చేసింది ఏందంటే, ఒక యాక్సెస్ పాయింట్‌ను స్టాండ్‌కు కట్టి, పీఓఈ (నెట్ వైరు మీదనే కరెంట్ ఇచ్చే) బ్యాటరీ పెట్టి, నిండిన గోదాంల సందు సందు తిరిగినం. బస్తాల ఎదురుంగ సిగ్నల్ మైనస్ 58 డీబీఎం ఉన్నది (మైనస్ అంకె ఎంత పెరిగితే సిగ్నల్ అంత తక్కువ), రెండు వరసల ఎనకకు పోంగనే మైనస్ 80 దాటింది. గోదాంల వాడే స్కానర్ ఆగకుండ నడవాలంటే మైనస్ 67 దగ్గర ఉండాలె. ఇంకోటి, పవర్ పెంచితే ఫాయిదా లేదు, యాక్సెస్ పాయింట్ గట్టిగ అరిస్తే స్కానర్ వింటది గానీ స్కానర్ మెల్లగ మాట్లాడేది యాక్సెస్ పాయింట్‌కు ఇనబడదు. అందుకని కప్పు కింది ఇనుప దూలాలకు వేలాడదీసి, బస్తాల మధ్య బాటల మీదికి కిందికి చూసే యాంటెన్నాలు పెట్టినం. సిగ్నల్ బస్తాల నుంచి దూరి పోవాల్సిన పనే లేదు, బాట పొంటి పోతది. లారీ లోడయ్యే ప్లాట్‌ఫారం బయట ఒకటి, దుమ్ము నీళ్లు దూరని ఐపీ67 రకంది. హమాలీ మేస్త్రీని అడిగి బాటలు ఎక్కడ ఇడుస్తరో గీయించుకున్నం, ఆయన సుద్దముక్కతోటి నేల మీద గీసిండు, మాకు ఏ సాఫ్ట్‌వేర్ ఇయ్యలేని ప్లాన్ అది.

మిల్లింగ్ హాల్ల వేరే కథ. అన్నీ ఇనుప మిషన్లు, ఎలివేటర్లు, దుమ్ము. తవుడు దుమ్ము సన్నగ ఉండి ప్రతి సందుల దూరుతది. ఎవరో పాత రౌటర్‌ను దుమ్ము పట్టొద్దని ఇనుప డబ్బాల పెట్టి తాళం వేసిర్రు. దుమ్మేం రాలె, సిగ్నల్ కూడా బయటికి రాలె. మేం అక్కడ ప్లాస్టిక్ బాడీ ఉన్న, గాలి సందులు లేని మోడల్ పెట్టినం. బాయిలర్ దిక్కు ఏం పెట్టలె, అక్కడ వైఫై అవసరమైన పనే లేదు, ఆ వేడికి ఏదైనా తొందరగ పోతది.

ఛానళ్ల దగ్గర 5 గిగాహెర్ట్జ్‌ల 36 నుంచి 48, 149 నుంచి 161 వాడినం. నడుమయి రాడార్ కనబడితే ఖాళీ చేయాల్సినయి, సీజన్‌ల ఉన్నట్టుండి ఛానల్ మారుడు మాకొద్దు. 2018ల మన దగ్గర 5 గిగాహెర్ట్జ్‌ల లైసెన్స్ లేకుండ వాడుకునే జాగ పెంచిర్రు, అది బాగ కలిసొచ్చింది. వెడల్పు 20 మెగాహెర్ట్జే. డబ్బా మీద రాసిన స్పీడ్ రాదు, వద్దు కూడా, తూకం డేటా ఎంతుంటది, కిలోబైట్లు. 2.4 గిగాహెర్ట్జ్‌ల 1, 2, 5.5, 11 ఎంబీపీఎస్ పాత రేట్లు బంద్ చేసినం, దూరంగ వేలాడే ఫోన్లు గాలి మొత్తం తినకుండ.

పైసలు వైర్ల పోయినయ్

ఖర్చుల సగానికి ఎక్కువ వైర్లు, స్విచ్‌లు, యూపీఎస్, ఎర్తింగ్‌కే అయింది. సేటుకు ఇది మింగుడు పడలె, "వైర్‌లెస్ అంటివి, ఇన్ని వైర్లేంది తమ్మీ" అన్నడు. వైఫై అంటే చివరి ముప్పై నలభై అడుగులే గాలి అన్నా, ఎనక అంతా వైరే అని చెప్పిన.

రాగి వైరు 100 మీటర్లు దాటి పోవద్దు. ఆఫీసు నుంచి చివరి గోదాంకు అంతకంటే ఎక్కువుంటది. దూరం లేకున్నా గానీ ఒక బిల్డింగ్ నుంచి ఇంకో బిల్డింగ్‌కు నేనైతే ఫైబరే గుంజుత. మిల్లుల పెద్ద మోటార్లు ఉంటయ్, ఒక్కో షెడ్డు ఎర్తింగ్ ఒక్కో తీరుగుంటది, ఆ తేడా రాగి వైరు మీదికెళ్లి పోర్టుల దూరి కాలుస్తది. ఇగ మే నెల గాలిదుమారం, ఉరుములు మెరుపులు సరేసరి. ఫైబర్‌ల కరెంట్ పారదు. ఆరు కోర్లది వేసి రెండే వాడినం, నాలుగు ఊకనే ఉన్నయ్, రేపు అక్కరకొస్తయ్.

స్విచ్‌లు పీఓఈయి, పోర్టుకు 30 వాట్లు ఇచ్చే రకం, యాక్సెస్ పాయింట్ కాడ వేరే ప్లగ్ ఉండదు. జనరేటర్‌కు మారే ఆ కొన్ని సెకండ్లకు స్విచ్ ఆఫ్ అయితే మళ్లా లేచేసరికి నిమిషాలు పడుతది, అందుకని ప్రతి స్విచ్‌కు చిన్న యూపీఎస్. కెమెరాలన్నీ వైరు మీదికి తెచ్చినం. కదలని వస్తువును వైఫై మీద పెట్టొద్దనేది నా పట్టు, దాని మీద చాలామందితోటి కొట్లాట పెట్టుకున్న.

ఎవరి దారి వాళ్లది

ఇప్పుడు అసలు సెక్యూరిటీ. మొత్తం నెట్‌వర్క్‌ను వీలాన్లుగ, అంటే అవే వైర్ల మీద వేరువేరు నెట్‌వర్క్‌లుగ, చీల్చినం: ఆఫీసు లెక్కలకు ఒకటి, కాంటా గోదాం పరికరాలకు ఒకటి, కెమెరాలకు ఒకటి, గెస్ట్‌లకు ఒకటి, స్విచ్‌లు కంట్రోలర్ వంటి నెట్‌వర్క్ సామానుకు ఒకటి. నడుమ ఏది ఎటు పోవచ్చో చూసి ఆపే ఫైర్‌వాల్. కాంటా ట్యాబ్ సర్వర్‌ల ఆ ఒక్క సాఫ్ట్‌వేర్ పోర్టు దాకనే పోతది, అటు ఇటు పోదు. కెమెరాలు రికార్డర్‌తోటే మాట్లాడుతయ్, బయటి నెట్ అస్సలు లేదు, సేటు ఇంటికాడ చూసుకునుడు వీపీఎన్ (బయటి నెట్ మీద తాళం వేసిన సొంత దారి) మీద. మొదట్ల "ఒక్క క్లిక్‌తోటి వచ్చేది గద" అని గునిసిండు, చాయ్ హోటల్ గుర్తుచేసిన.

గాలిల కనబడే పేర్లు మూడే. ప్రతి పేరు సెకండ్‌కు పదిసార్లు నేనున్న నేనున్న అని చాటుకుంటది, పేర్లు పెరిగితే ఆ చాటింపుకే గాలి అయిపోతది. కొన్ని కాలేజీలల్ల డిపార్ట్‌మెంట్‌కు ఒక పేరు చూసిన, ఏం చెప్పాలె.

మొదటిది మిల్లు సొంత ల్యాప్‌టాప్‌లకు, ట్యాబ్‌లకు. ఇండ్ల పాస్‌వర్డే లేదు. 802.1ఎక్స్ అనే పద్ధతి, ఒక్కో పరికరంల ఒక సర్టిఫికెట్ (డిజిటల్ గుర్తింపు కార్డు అన్నట్టు), ఎనక రేడియస్ అనే సర్వర్ దాన్ని చూసి లోపటికి ఇడుస్తది. ఫ్రీరేడియస్ వేసినం, లైసెన్స్ పైసలు లేవు. క్లౌడ్‌ల పెట్టుకొమ్మని చాలా కంపెనీలు చెప్తయ్, మంచిదే గానీ మా దిక్కు రోడ్డు తవ్వితే ఫైబర్ తెగుతది, నెట్ పోయినా కాంటా నడవాలె. అందుకని మిల్లులనే రెండు చిన్న పీసీలు, ఒకటి పోతే ఇంకొకటి.

ట్యాబ్‌లతోటి కొంత తిప్పలైంది. ఆండ్రాయిడ్ 11 నుంచి సర్వర్ సర్టిఫికెట్ చెక్ చేయకు అనే ఆప్షన్ తీసేసిర్రు. ఆ ఆప్షన్ పెట్టుకొని కాలం గడిపినోళ్లు ఇప్పుడు కనెక్ట్ అయితలేదని మొత్తుకుంటరు, కానీ అది తీసేసుడే కరెక్ట్. చెక్ చేయకుంటే ఎవడైనా అదే పేరుతోటి ఇంకో వైఫై లేపి మీ ట్యాబ్‌ను మోసం చేయొచ్చు. మన సొంత సీఏ (సర్టిఫికెట్లు ఇచ్చేది) సర్టిఫికెట్ ట్యాబ్‌ల ఎక్కించి, డొమైన్ అనే ఖానాల సర్వర్ పేరు సరిగ్గ నింపాలె. ఆ ఖానా ఖాళీ ఉంటే సేవ్ బటనే ఎలగదు, మా పోరగాడు మొదటి ట్యాబ్‌ల దాని కాడ చానసేపు గోక్కున్నడు.

ఇంకోటి, టైము. చిన్న పీసీ లోపటి సెల్ అయిపోయి కరెంట్ పోయొస్తే గడియారం ఎన్నడో ఎనకటి తారీఖు చూపిస్తది, అప్పుడు సర్టిఫికెట్లన్నీ ఇంకా పుట్టనట్టే లెక్క, ఒక్కటి కూడా కనెక్ట్ కాదు. నెట్‌వర్క్ మీద గడియారం సరిచేసే ఎన్‌టీపీ తప్పకుండ పెట్టాలె. ఎట్లనూ 2022 ఏప్రిల్‌ల సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ సెక్యూరిటీ సంస్థ) ఇచ్చిన ఆదేశాలల్ల టైము ప్రభుత్వ సంస్థలైన ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ సర్వర్లతోటి కలపాలని, లాగులు (ఎవరు ఎప్పుడు ఏం చేసిర్రో మిషన్లు రాసిపెట్టే రికార్డులు) 180 రోజులు దాచాలని, సైబర్ ఘటన తెలిసినంక 6 గంటల్ల చెప్పాలని ఉన్నది. లాగులకు వేరే డిస్క్ పెట్టినం.

రెండోది స్కానర్లకు, లేబుల్ ప్రింటర్లకు. వాటికి సర్టిఫికెట్ ఎక్కదు. ఒకే పేరు మీద ఒక్కో పరికరానికి ఒక్కో పాస్‌వర్డ్ ఇచ్చే పద్ధతి ఉన్నది, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టుకున్నది. ఒక స్కానర్ పోతే దాని ఒక్క పాస్‌వర్డ్ కొట్టేస్తే అయిపాయె. ఇది ఇంకా డబ్ల్యూపీఏ2 మీదనే ఉన్నది, ఆ స్కానర్లకు డబ్ల్యూపీఏ3 రాదు. పరికరాలు మారేదాక ఇంతే, అందుకనే ఆ వీలాన్‌కు దారులు ఇంకా ఇరుకు చేసినం.

మూడోది గెస్ట్. దీని మీద సేటుతోటి గట్టి వాదన. "డ్రైవర్లకు, బీహార్ పిల్లలకు నెట్ ఎందుకు తమ్మీ, పని ఇడిసి ఫోన్ల కూసుంటరు" అన్నడు. నేను ఒప్పుకోలె. ఆ పిల్లలు మిల్లులనే రేకుల రూంలల్ల ఉంటరు, రాత్రి ఇంటికి వీడియో కాల్ చేసుకోవాలె. మనం ఇయ్యకపోతే ఎవరో గుమస్తా జాలిపడి ఆఫీసుది ఇస్తడు, పాత పాస్‌వర్డ్ గోడ మీదికి ఎక్కింది అట్లనే. ఇవ్వండి, వేరే దారిల ఇవ్వండి, ఒక్కో ఫోన్‌కు కొంత స్పీడ్ హద్దు పెట్టండి, ఒక ఫోన్ ఇంకో ఫోన్‌కు కనబడకుండ పెట్టండి అన్న. చివరికి ఒప్పుకున్నడు. గోడ మీద మళ్లా పాస్‌వర్డ్ రాసి ఉన్నది, గెస్ట్‌ది, రాసుకోనీ.

మార్పు చేసింది వానాకాలం మిల్లింగ్ అయిపోయి యాసంగి వడ్లు ఇంకా రాని సందుల. పాతది నడుస్తుండంగనే కొత్తది పక్కన లేపి, మొదలు గోదాం స్కానర్లు, తర్వాత ఆఫీసు, చివరికి కాంటా. పెద్ద గుమస్తా సారు కాగితం పుస్తకం పక్కకు పెట్టుకొనే కూసున్నడు, మా మీద నమ్మకం లేదు, నాకు మాత్రం అది నచ్చింది.

యాసంగిల కాంటా కాడ చక్రం తిరుగుడు లేదు. లారీల లైను ఉన్నది, అది వడ్ల లైను, మన లైను కాదు. అంతకంటే పనికొచ్చింది ఇంకోటి: ఒక గుమస్తా సీజన్ నడుమ వేరే మిల్లుకు పోయిండు. అతని ల్యాప్‌టాప్ సర్టిఫికెట్ రద్దు చేసినం, అంతే. పాత పద్ధతిల అయితే పాస్‌వర్డ్ మార్చి మిల్లు మొత్తం తిరిగి ప్రతి డబ్బాల కొట్టాలె, అందుకే ఏండ్ల తరబడి ఎవరూ మార్చలె.

హాలియా దిక్కు ఒక మూతబడ్డ మిల్లు సేటు లీజుకు తీసుకున్నడు. అక్కడికి అవే పేర్లు, అదే తీరు వీలాన్ నంబర్లు, వాటి ముందల మిల్లు గుర్తు ఒక్కటి మార్చి అదే కాన్ఫిగరేషన్ దించినం. ట్యాబ్ ఇక్కడిది అక్కడికి తీస్కపోతే దానంతట అదే కనెక్ట్ అయితది, రేడియస్‌ది ఒక కాపీ అక్కడ పెట్టినం. ఇట్ల పెరగాలంటే మొదటి మిల్లులనే పేర్లు, నంబర్లు ఒక పద్ధతిగ పెట్టుకోవాలె. మా దగ్గర స్విచ్ మీద స్టిక్కర్ కూడా ఉండదు చాలా జాగలల్ల, ఏ వైరు ఎటు పోయిందో వేసినోడికే తెలుస్తది, వాడేమో ఫోన్ ఎత్తడు.

నిర్వహణ ఏడాదికి రెండుసార్లు, సీజన్‌కు ముందల. దుమ్ము దులుపుడు, యూపీఎస్ బ్యాటరీ చూసుడు, ఫర్మ్‌వేర్, సర్టిఫికెట్ల గడువు చూసుడు. సర్టిఫికెట్ గడువు నవంబర్‌ల పడకుండ ఆగస్టుల పడేటట్టు పెట్టినం.

తేలనిది ఒకటున్నది. రంగు మారిన బియ్యం గింజలు ఏరేసే సార్టెక్స్ మిషన్‌కు కంపెనీ ఇంజనీర్లు వాళ్ల ఊర్ల నుంచే లోపటికి వచ్చి సెట్టింగ్ చూస్తమంటున్నరు, దానికి వాళ్ల సొంత మోడెం పెడతమన్నరు. సేటు సరే అనబోయిండు, నేను ఆపిన. మిషన్‌కు వేరే వీలాన్ చేసి, బయటి దారి మామూలుగ బంద్ ఉంచి, వాళ్లు ఫోన్ చేసినప్పుడు గుమస్తా సారు ఆన్ చేసి రెండు గంటలకు దానంతట అదే ఆఫ్ అయ్యేటట్టు పెడుదమని చెప్పిన. కంపెనీ వాళ్లు మాకు ఎప్పుడంటే అప్పుడు కావాలంటున్నరు, సేటు మా ఇద్దరి మొఖాలు చూస్తున్నడు, వానాకాలం వడ్లు వచ్చేలోపట తేల్చాలె.